ఒకే సెలూన్, రెండు రకాల జుట్టు

డ్రెడ్‌లాక్స్, అంటే తాళ్లలా జడలు కట్టిన జుట్టు, చేయించుకోవడానికి నేనూ నా మిత్రుడూ కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో ఒక సెలూన్‌కు వెళ్లాం. పక్క కుర్చీలో ఉన్న మిత్రుడి జుట్టును దువ్వెన మొనతో మెలితిప్పితే చాలు, పాయలు చుట్టుకుని అలాగే నిలిచిపోతున్నాయి. నా తల దగ్గర మాత్రం సెలూన్ ఆవిడ ఒక్కొక్క పాయను కుదుళ్ల వైపు వెనక్కి దువ్వి, చిక్కుపడిన వెంట్రుకలను సన్నని క్రోషే సూదితో మళ్లీ మళ్లీ లోపలికి లాగుతూనే ఉన్నారు.

అతను ఆఫ్రికన్ అమెరికన్. బిగుతైన ఉంగరాల జుట్టు కనుక డ్రెడ్‌లాక్స్ మెలికలు వాటంతటవే పెనవేసుకుని, నెలల తరబడి నెమ్మదిగా గట్టిపడతాయి. నాది తిన్నని జుట్టు. జారిపోవడమే దాని స్వభావం.

తేనెమైనం రాస్తే త్వరగా కుదురుతుంది కదా అని అడిగాను. ఆవిడ ఒప్పుకోలేదు, ఎందుకంటే మైనం నీటితో కడిగితే పోదు, పైగా దుమ్మును లోపలే పట్టి ఉంచుతుంది. పాయలకు నూనె కూడా వద్దన్నారు. (ఈ మాట అమ్మకు ఎలా చెప్పాలో ఇంకా ఆలోచించలేదు.) జడలు కడితే తలస్నానం మానేయాలన్నది ఉత్త అపోహ, జిడ్డు లేని జుట్టే బాగా ముడిపడుతుంది. అయితే స్నానం తర్వాత లోపలి దాకా ఆరబెట్టకపోతే ముక్కిన వాసన పట్టుకుంటుంది.

రోజూ సహజంగా రాలే 50 నుంచి 100 వెంట్రుకలలో చాలావరకు ఇకపై జడలోనే చిక్కుకుని ఉండిపోతాయట.

జాతితో ముడిపడిన ఇలాంటి కేశాలంకరణ కారణంగా ఉద్యోగంలో వివక్ష చూపకూడదని కాలిఫోర్నియా 2019లో చట్టం చేసింది. నా మిత్రుడికి ఆ చట్టం అవసరమైన రక్షణ, నాకు ఈ జడలు కేవలం ముచ్చట. ఈ తేడా జుట్టు రకాల తేడా కంటే పెద్దదని నాకు అనిపించింది.