తాతయ్య పొగాకు, నాష్‌విల్ పాట

మా అమ్మాయి కంట్రీ పాటలు, అంటే అమెరికా పల్లెల్లో పుట్టిన సంగీతానికి పాటలు రాస్తుంది. తను పాడటానికి కాదు, వేరే ఆర్టిస్టులు పాడటానికి. టెనెసీలో నాష్‌విల్ పక్కనున్న ఫ్రాంక్లిన్‌లో పుట్టి పెరిగింది, ఇప్పుడు 19 ఏళ్లు. ఈ మాట చెప్తే మనవాళ్లు వెంటనే "అంటే సింగరా?" అని అడుగుతారు. పాట రాయడం ఒక్కటే వృత్తిగా బతికే రైటర్లు నాష్‌విల్‌లో 1950ల నుంచీ ఉన్నారు, వాళ్ల కోసం 1967లోనే ఒక సంఘం పెట్టుకున్నారు, అందుకే ఇక్కడివాళ్లకి ఆ అనుమానం రాదు.

మన సినిమాల్లో అయితే దర్శకుడు సందర్భం చెప్తాడు, చాలాసార్లు ట్యూన్ కూడా ముందే వస్తుంది, తెర మీద ఎవరు కనిపిస్తారో కవికి తెలుసు. ఇక్కడ పాట పుట్టేనాటికి దాన్ని పాడేదెవరో తెలియదు. పొద్దున పదీ పదకొండింటికి ఇద్దరు ముగ్గురు రైటర్లు ఒక గదిలో గిటార్లు పట్టుకుని కూర్చుంటారు, దాన్ని కో-రైట్ అంటారు. ఎవరో ఒకరు ఫోన్‌లో రాసి పెట్టుకున్న టైటిల్ బయటికి తీస్తారు, అక్కణ్నుంచి మాటలు మొదలై సాయంత్రానికి పాట తయారవుతుంది, ఎవరెన్ని లైన్లు రాశారని లెక్కపెట్టరు, మామూలుగా గదిలో ఉన్నవాళ్లందరికీ సమాన వాటా. తర్వాత డెమో, అంటే వినిపించడానికి చేసే నమూనా రికార్డింగ్. పాటల హక్కులు చూసుకునే పబ్లిషర్ దగ్గర పనిచేసే సాంగ్ ప్లగ్గర్ ఏ ఆర్టిస్టు ఆల్బమ్‌కి పాటలు వెతుకుతున్నారో కనుక్కుని ప్రొడ్యూసర్‌కో లేబుల్ (రికార్డు కంపెనీ) వాళ్లకో వినిపిస్తాడు. పరిచయం లేనివాళ్లు పంపిన పాటల్ని పెద్ద పబ్లిషర్లు వినరు. పైగా ఈ రోజుల్లో ఆర్టిస్టులే కో-రైట్‌లో కూర్చుంటున్నారు, బయటి పాటకి చోటు తగ్గింది.

ఇలాంటి గదిలోకి మన పిల్ల ఏం పట్టుకెళ్తుందా అని నాకు టెన్షన్‌గా ఉండేది. తను పట్టుకెళ్లింది మా నాన్న పొగాకుని. మాది ప్రకాశం జిల్లా, కొండపి దగ్గర పల్లె. సెలవులకి వెళ్లినప్పుడు ఆకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర తాతయ్య రాత్రంతా మేలుకుని వేడి చూసుకోవడం, కర్రలకి ఆకు కట్టే ఆడవాళ్ల చేతులు నల్లబడటం అన్నీ చూసింది. అది చెప్తుంటే గదిలో ఉన్న ఇంకో రైటర్, మాకు ఉత్తరాన ఉండే రాబర్ట్‌సన్ కౌంటీ అబ్బాయి, మా తాతా పొగాకే వేసేవాడు అన్నాడట. అక్కడా ఆకుని కర్రలకే వేలాడదీస్తారు, కాకపోతే కొట్టంలో కట్టెలూ రంపపు పొట్టూ నింపాదిగా కాల్చి ఆ పొగ నేరుగా ఆకుకి పట్టిస్తారు. మనవైపు బ్యారన్‌లో వేడి గొట్టాల్లోంచి వస్తుంది, పొగ ఆకుని తాకదు. ఈ తేడా గురించే ఇద్దరూ గంటసేపు మాట్లాడుకుని ఆ పాట రాశారు. ఎవరైనా అడిగితే వివరించాల్సిన విషయంలా కాకుండా పాటకి ముడిసరుకులా మన ఊరు తనకి పనికొచ్చిందని ఆ రోజు నాకు చాలా సంతోషమేసింది.

అంతకుముందు రాసిన ఒక పాటని ఒక ఆర్టిస్టు హోల్డ్‌లో పెట్టించారు. హోల్డ్ అంటే మేం చూస్తున్నాం, వేరేవాళ్లకి ఇవ్వొద్దు అని. మామూలుగా దానికి డబ్బులుండవు, కాగితమూ ఉండదు. నెలలు గడిచాక వద్దన్నారు. పిల్ల రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. మా నాన్న ఫోన్‌లో అంతా విని, "నోబిడ్ అయ్యిందామ్మా?" అన్నారు. పొగాకు వేలం కేంద్రంలో ఏ కంపెనీ పాట పాడి కొనని బేలుని (ఆకు కట్టని) నోబిడ్ అంటారు. "వెనక్కి తెచ్చుకుని, ఆకు మళ్లీ గ్రేడు చేసి, ఇంకో రోజు పెడతాం. పొగాకు పారేస్తామా ఏంటి?" అన్నారు. నేను ఎంత చెప్పినా ఎక్కనిది అది ఎక్కింది.

డబ్బు విషయం మాత్రం తల్లిదండ్రులు తెలుసుకుని తీరాలి. అమెరికాలో రేడియోలో పాట వస్తే మామూలు స్టేషన్లు రాసినవాళ్లకీ పబ్లిషర్‌కీ చెల్లిస్తాయి, పాడినవాళ్లకి కాదు. అమ్ముడైన ఒక్కో కాపీకి చట్టం పెట్టిన రేటు 2006 నుంచి 2022 దాకా 9.1 సెంట్ల దగ్గరే ఆగిపోయింది, 2023లో 12 సెంట్లయింది, అదీ ముగ్గురు రైటర్లూ పబ్లిషర్లూ పంచుకోవాలి. కంట్రీ గాయని డాలీ పార్టన్ తను రాసిన పాటని ఎల్విస్ ప్రెస్లీ పాడతానంటే, అతని మేనేజర్ పబ్లిషింగ్ హక్కుల్లో సగం అడిగాడని ఆవిడ ఇవ్వనన్నారు. 1992లో విట్నీ హ్యూస్టన్ అదే పాట పాడినప్పుడు ఆ హక్కులు డాలీ చేతిలోనే ఉన్నాయి. మా అమ్మాయికి ఇది నేను చాలాసార్లు చెప్పాను. మీ పాట ఆర్టిస్టుకి చేరుస్తాం, ముందు ఫీజు కట్టండి అనే మెయిల్స్ వస్తుంటాయి, వాటికి జవాబే ఇవ్వనివ్వను. ఏ కాంట్రాక్ట్ అయినా మ్యూజిక్ లాయర్ చదివాకే సంతకం.

ఇప్పుడు మా ఇంట్లో గొడవ ఆ పొగాకు పాట గురించే. రెండో చరణంలో ఒంగోలు అనే పేరుంది. జార్జియానుంచో టెక్సస్‌నుంచో వచ్చిన ఆర్టిస్టు ఒంగోలు అని ఎలా పాడతాడు, ఆర్టిస్టులకి వినిపించే డెమోలో రాబర్ట్‌సన్ కౌంటీ అని మారుద్దాం అంటాడు ఆ అబ్బాయి. పిల్ల సరే అంటోంది, ఒంగోలు ఉన్న పాటని నాష్‌విల్‌లో రైటర్లు తమ పాటలు తామే పాడే బ్లూబర్డ్ కేఫ్‌లో సోమవారం ఓపెన్ మైక్‌కి వెళ్లి తనే పాడుకుంటుందట. పాట అమ్ముడవ్వాలంటే పాడేవాడి నోట పలకాలి, అది వృత్తి ధర్మం, నాకు అర్థమవుతుంది. అయినా కంట్రీ పాటల్లో ఎవరూ వినని చిన్న చిన్న ఊళ్ల పేర్లు ఎన్ని లేవు, జనం వాటిని పాడుకోవట్లేదా? డెమోలో కూడా ఒంగోలే ఉంచమని నేనంటున్నాను. రికార్డింగ్ వచ్చే నెల, ఇంకా తేలలేదు.