పిల్లల కంటి ఫెలోషిప్: ఇంటర్వ్యూలో ఏం అడిగారు, చేరాక ఏం చూశాను

"అక్కా, పీడియాట్రిక్ ఫెలోషిప్‌లో సర్జరీలు ఎన్ని చేతికొస్తాయి?" పీజీ అయ్యాక పిల్లల కంటి వైద్యంలో ప్రత్యేక శిక్షణే ఈ ఫెలోషిప్. కంటి పీజీ (ఎమ్మెస్, డీఎన్‌బీ) ఫైనలియర్ జూనియర్లు నన్ను ముందుగా అడిగేది ఇదే. అప్పట్లో నేనూ ఇదే అడిగాను. ఇప్పుడు మాత్రం వాళ్లను తిరిగి అడుగుతున్నాను: ఏడుస్తున్న రెండేళ్ల పాపకి రెటినోస్కోపీ (కంట్లోకి వెలుగు వేసి చూసే పరీక్ష) చేసి అద్దాల పవర్ చెప్పగలరా?

హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్, మదురై అరవింద్, చెన్నై శంకర నేత్రాలయ లాంటి కంటి సంస్థలు ఈ సీట్లకి ఎవరి నోటిఫికేషన్ వాళ్లే వేసుకుని, ఎవరి పద్ధతిలో వాళ్లు ఎంపిక చేసుకుంటాయి. తేదీలు మీరే చూసుకుంటూ ఉండాలి.

నా మొదటి ఇంటర్వ్యూ పోయింది. ఎక్కడో చెప్పను, ఏ ప్రశ్న దగ్గర పోయిందో చెబుతాను. "మూడు వారాల పాప, ఒక కంట్లోనే పుట్టుకతో వచ్చిన శుక్లం. ఏం చేస్తారు?" ఆరు వారాలు దాటకుండా ఆపరేషన్ చేస్తానన్నాను. స్టెప్పులన్నీ గడగడా చెప్పేశాను. "సరే, ఆపరేషన్ అయిపోయింది. తర్వాత?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. ఆ పసికందుకి కాంటాక్ట్ లెన్స్ పెట్టడం తల్లికి నేర్పాలి. రెండో కన్ను పని చేసేలా మంచి కంటికి ఏళ్ల తరబడి ప్యాచ్ వేసి మూయించాలి. గ్లకోమా (ప్రెజర్ వల్ల కంటి నరం దెబ్బతినే జబ్బు) వస్తుందేమోనని జీవితాంతం కంటి ప్రెజర్ చూస్తూ ఉండాలి. కంటి లోపల కృత్రిమ లెన్స్ అప్పుడే పెట్టాలా, పెద్దయ్యాక పెట్టాలా అన్నదానిపై 114 మంది పసిపిల్లలతో జరిగిన ఇన్ఫాంట్ అఫేకియా ట్రీట్‌మెంట్ స్టడీని తప్పకుండా చదవండి. లోపల లెన్స్ పెట్టిన గుంపుకీ, కాంటాక్ట్ లెన్స్‌తో ఉంచిన గుంపుకీ చూపులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. లోపల లెన్స్ పెట్టిన గుంపులో మాత్రం మళ్లీ ఆపరేషన్లు ఎక్కువగా అవసరమయ్యాయి. ఈ ఒక్క విషయం తెలిసుంటే ఆ రోజు ఇంకో పది నిమిషాలు మాట్లాడగలిగేదాన్ని.

రెండోసారి చదివే పద్ధతి మార్చుకున్నాను. కంటి కండరాలు ఎక్కడ అంటుకుంటాయో ఆ దూరాలు, పార్క్స్ త్రీ స్టెప్ టెస్ట్, డ్యూయేన్, బ్రౌన్ సిండ్రోమ్‌ల లాంటి మెల్లకన్ను పాఠాలు ఎలాగూ చదువుతారు, వాటి గురించి ఎక్కువ చెప్పను. నా టైమంతా ఓపీడీలో (అవుట్‌పేషెంట్ విభాగంలో) పెట్టాను. రోజుకి కనీసం ఐదుగురు పిల్లలకి సైక్లోప్లీజియా (కంటి ఫోకస్‌ని తాత్కాలికంగా ఆపే చుక్కలు) తర్వాత రెటినోస్కోపీ, మెల్లకన్ను ఉన్న ప్రతి పిల్లాడికీ నా చేతులతో ప్రిజం కవర్ టెస్ట్ (ప్రిజంలు అడ్డుపెట్టి మెల్ల ఎంతుందో కొలవడం). ముందు నా కొలత రాసి పెట్టుకుని, తర్వాత సీనియర్ కొలతతో పోల్చేదాన్ని. మొదటి వారాల్లో 15, 20 ప్రిజం డయాప్టర్ల (మెల్ల కొలిచే యూనిట్) తేడా వచ్చేది. నెలన్నరకి తగ్గింది.

ఆర్‌ఓపీ (నెలలు నిండకుండా పుట్టిన పిల్లల రెటీనా జబ్బు) కోసం వారానికొకసారి ఎన్‌ఐసీయూకి (నవజాత శిశువుల ఐసీయూకి) వెళ్లండి. గర్భం 34 వారాలు నిండకముందే పుట్టినా, పుట్టిన బరువు 2000 గ్రాములలోపు ఉన్నా, పుట్టిన 30 రోజుల్లోగా రెటీనా చూడాలి. 28 వారాలకంటే ముందే పుడితేనో, 1200 గ్రాములకంటే తక్కువుంటేనో రెండు మూడు వారాలకే చూడాలి. ఈ అంకెలు ఇంటర్వ్యూ కోసం మాత్రమే కాదు. ఆలస్యంగా తెచ్చిన ఒక బిడ్డ విషయంలో తండ్రికి "ఇక చూపు రాదు" అని చెప్పాల్సి వచ్చింది. ఆయన అడిగింది ఒక్కటే: "ముందే ఎవరూ చెప్పలేదేంటమ్మా?"

చేరాక మొదటి నెలల్లో ఎక్కువ టైం ఓపీడీలోనే గడుస్తుంది. ఆపరేషన్ థియేటర్‌లో ముందు అసిస్ట్ చేయడం, కంజంక్టైవా (తెల్లగుడ్డు మీది పలచని పొర) కుట్టడం. నిరుత్సాహపడకండి. నేను మొదటిసారి మీడియల్ రెక్టస్‌ని (ముక్కు వైపున్న కంటి కండరాన్ని) హుక్‌తో లాగినప్పుడు గుండె చప్పుడు చెప్పే మానిటర్ శబ్దం ఒక్కసారిగా నెమ్మదించింది. "వదలండి" అన్నారు ఎనస్తీషియా డాక్టరు. వదిలాను, పల్స్ మళ్లీ ఎక్కింది. కంటి కండరం లాగితే గుండె నెమ్మదించే ఈ ఆక్యులోకార్డియాక్ రిఫ్లెక్స్ గురించి పరీక్షలో పేజీ నిండా రాశాను గానీ, ఆ చప్పుడు విన్నాకే అర్థమైంది. కండరం అంటుకున్న చోటు వెనక స్క్లీరా (కంటి తెల్లని గోడ) మందం 0.3 మిల్లీమీటర్లే ఉంటుంది. అక్కడ సూది దించే ముందు ఇప్పటికీ ఒక క్షణం ఆగుతాను.

ఎవరూ నేర్పని పని ఇంకొకటి ఉంది, ఇంట్లోవాళ్లతో మాట్లాడటం. "మెల్లకన్ను అదృష్టం డాక్టరమ్మా, ఆపరేషన్ ఎందుకు?" అంటుంది నానమ్మ. ఆవిడ మీద విసుక్కుంటే ఆ పిల్ల మళ్లీ రాదు. నేనైతే ఆవిడ చేతే పాప మంచి కన్ను మూయిస్తాను. రెండో కంటితో పాప ఆవిడ ముఖం కోసం తడుముకుంటుంది. ఇక నేను చెప్పాల్సింది పెద్దగా ఉండదు. ప్యాచ్ విషయంలోనూ అంతే. ఓ మోస్తరు ఆంబ్లియోపియాకి (వాడక మందగించిన కంటి చూపుకి) రోజుకి రెండు గంటలు వేసినా ఆరు గంటలు వేసినంత ఫలితం వచ్చిందని పెడిగ్ (అమెరికాలో పిల్లల కంటి జబ్బులపై పరిశోధన చేసే బృందం) స్టడీ చూపించింది. "రెండు గంటలే, టీవీ చూసేటప్పుడు వేయండి" అంటే తల్లులు ఒప్పుకుంటారు.

సీటు తీసుకునే ముందు అక్కడి ప్రస్తుత ఫెలోలకి ఫోన్ చేయండి. మెల్లకన్ను ఆపరేషన్లు ఎన్ని, శుక్లాలవి ఎన్ని సొంతంగా చేశారో విడివిడిగా అడగండి. మొత్తం అంకె చెబితే సరిపోదు. మత్తు ఇచ్చి చేసే లిస్టు వారానికి ఎన్ని రోజులు, ఆర్‌ఓపీ పోస్టింగ్ ఉందా, బాండ్ (అయ్యాక అక్కడే పని చేయాలన్న ఒప్పందం) ఉందా, స్టైపెండ్ నెలనెలా పడుతుందా, ఇవీ మొహమాటం లేకుండా అడగండి. మదురై, చెన్నై అయితే "ఇటు చూడు", "భయపడకు", "అయిపోయింది" అనే మూడు మాటలు తమిళంలో ఇప్పుడే నేర్చుకోండి. మొదటి రోజే కావాలి.