కిందికున్న కారు, మీదికున్న గేటు

స్పోర్ట్స్ కారుకు అనంతపురం రోడ్ల కన్నా ఇంటి ముందు ర్యాంపే పెద్ద గండం. కాలువ మీద కడప బండ పరిచి, అడుగు ఎత్తును మూడడుగుల్లో ఎక్కించేస్తారు. నేలకు 11 సెంటీమీటర్ల పైనున్న ముక్కు గీసుకోక ఏమవుతుంది? అడుగు ఎత్తుకు ఎనిమిది అడుగుల పొడవైనా ఉండాల. పైన అంచు గుండ్రంగా లేకుంటే ముక్కు తప్పించుకున్నా పొట్ట ఆనుతుంది.

ర్యాంపు మార్చలేకుంటే ఏటవాలుగా ఎక్కించండి, ముందు ఒక చక్రమే ఎక్కి ఆ మూల లేస్తుంది. సందు ఇరుకైతే అదీ కుదరదు, నిజమే. దిగేటప్పుడు పైనే నెమ్మదించి, రోడ్డు తగిలేచోట బ్రేకు వదలండి. తొక్కితే ముక్కు ఇంకా వంగుతుంది. వానకు తడిసిన బండ మీద ఎంత వెడల్పు టైరైనా జారేదే.

రోడ్ల కొలతలు చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు. దాన్ని మెల్లగా దాటొచ్చు. సందుల్లో సిమెంటుతో పోసిన వెడల్పు లేని దిమ్మెలతోనే తంటా.

గర్రుమని చప్పుడొస్తే దిగి కింద చూడండి. అండర్ ట్రే, అంటే కారు అడుగున బిగించిన పలక, దాని ముందు క్లిప్పులు రెండు ఊడినా చాలు, హైవే మీద గాలి దూరి ట్రే మొత్తం వేలాడుతుంది. పది క్లిప్పులు డిక్కీలో పడుండనీండి.