పుణెలో పొడైన పూతరేకులు

పుణెలో ఉంటున్న ఒక తెలుగింటి ఆవిడ ఉదయాన్నే ఫోటోలు పంపారు. మేము ఆత్రేయపురం నుంచి పంపిన పూతరేకుల పెట్టె తెరిచి చూస్తే సగానికి పైగా పొడి అయిపోయి ఉందట. ఫోటోను పెద్దది చేసి చూశాను. అట్టపెట్టె మూలలు నిలిచే ఉన్నాయి కానీ పైభాగం మాత్రం ఒకే తీరుగా లోపలికి కుంగిపోయింది. మూల నలిగిందంటే ఎత్తు మీద నుంచి పడేశారనుకోవచ్చు, అడుగున చెమ్మ మరక ఉందంటే తడి నేల మీద దించారనుకోవచ్చు, కానీ పైభాగం ఇలా సమంగా కుంగిందంటే దాని మీద ఏదో బరువైన సరుకు పెట్టి ఊళ్లు దాటించారనే అనుకోవాలి. "పైన బరువు పెట్టరాదు" అని మేము అతికించిన ఎర్ర స్టిక్కరు మీదనే మరో పెట్టె అంచు గీత పడి ఉంది. కుండ మీద తీసిన బియ్యపు రేకు వేలితో నొక్కితేనే చిట్లిపోయేది, ఇక ఆ బరువుకు ఏం మిగులుతుంది?

పెట్టెను, లోపలి డబ్బాలను పారేయకుండా ఉంచమని, చిరునామా చీటీ కనిపించేలా అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయమని, పొడైన సరుకును కూడా కొద్ది రోజులు అలాగే దాచమని ఆవిడకు రాశాను. కొరియరు వారు పరిశీలనకు వస్తామంటే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. అరగంటకు జవాబు వచ్చింది: "పెట్టె ఉందండీ, పొడి మాత్రం పిల్లలు చెంచాలతో తినేశారు." సాక్ష్యం సగం కడుపుల్లోకి వెళ్లిపోయినా, రుచి బాగుందన్న మాట మాత్రం మిగిలింది.

మధ్యాహ్నమే ఆవిడకు మరో పెట్టె కట్టించాను. మా తోటికోడలి కొడుకు రాజమహేంద్రవరంలో లా చదువుతున్నాడు. పక్కన కూర్చుని టేపు కోస్తూ, "పెద్దమ్మా, 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం సరుకును రవాణాదారు చేతికిస్తే కొన్నవారికి అప్పగించినట్టే లెక్క, మళ్లీ పంపాల్సిన పని నీకు లేదేమో" అన్నాడు. సరుకు స్వభావాన్ని బట్టి తగిన షరతులతో రవాణాకు ఒప్పుకోవాల్సింది అమ్మినవారేనని, అలా చేయకపోతే దారిలో పోయినదాన్ని తనకు అందినట్టుగా కొన్నవారు ఒప్పుకోనక్కరలేదని అదే చట్టంలో ఉందని కూడా తనే చెప్పాడు. నా ఆలోచన చట్టం దాకా వెళ్లలేదు. ఆవిడ డబ్బు కట్టింది నాకు. ఏ కొరియరులో పంపాలో, ఎంత ఛార్జీ కట్టాలో ఎంచుకున్నది నేను. కొరియరు ఆఫీసులో ఆవిడ ఎవరో తెలియదు, వారి రసీదు మీద ఉన్నది నా పేరు. అలాంటప్పుడు ముందు కొన్నవారి లెక్క సరిచేసి, ఆ తర్వాత కొరియరుతో మన తగువు మనం పడాలి గానీ, వారిచ్చాక మీకిస్తాననడం వ్యాపారం అనిపించుకోదు.

సాయంత్రం రావులపాలెంలోని కొరియరు బ్రాంచికి వెళ్లాను. కౌంటరు దగ్గరున్న కుర్రవాడు మర్యాదగానే, "ఆయ్, తినే సరుక్కి క్లెయిమ్ రాదండి, ఓనర్స్ రిస్క్ మీద బుక్కయింది కదండి" అన్నాడు. అంటే దారిలో పాడైతే నష్టం పంపినవారిదేనని. రసీదు తీసి చూపించాను. ఈ ఏడాది వేసవి నుంచి ప్రతి పార్శిలుకూ విలువ రాయించి, అదనపు ఛార్జీ కట్టి, నష్టం రవాణాదారుదే అనే క్యారియర్ రిస్క్ గడిలోనే టిక్కు పెట్టిస్తున్నాను. రసీదు వెనక సన్నటి అక్షరాల్లో ఉండే పరిమితి ఉత్తుత్తిది కాదు. సంతకం చేసిన పత్రంలో నష్టపరిహారానికి హద్దు రాసి ఉంటే దానికి కట్టుబడాల్సిందేనని సుప్రీంకోర్టు 1996లోనే ఒక కొరియరు కేసులో తీర్పు చెప్పింది. విలువ రాయించని పెట్టెలో పట్టుచీర ఉన్నా పచ్చడి ఉన్నా కాగితం మీద రెండూ ఒకటే. పోస్టాఫీసు కూడా అంతే: మా పోస్టుమాస్టరు గారు చెప్పిన లెక్క ప్రకారం, బీమా చేయని స్పీడ్ పోస్టు పోతే కట్టిన ఛార్జీకి రెట్టింపో వెయ్యి రూపాయలో, ఏది తక్కువైతే అది ఇస్తారు. నేను మాటల్లో పెట్టుకోకుండా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. రోడ్డు రవాణాదారుల మీద దావా వేయాలంటే బుకింగ్ అయిన 180 రోజుల్లోగా నోటీసు ఇచ్చి ఉండాలని 2007 చట్టం చెబుతోంది. ఫోనులో ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా అది నోటీసు కిందకు రాదు.

అక్కడే నాగపూర్ పార్శిలు సంగతి కూడా అడిగాను. ట్రాకింగులో అందజేసినట్టు చూపిస్తోంది, కొన్న పెద్దాయనేమో ఆవకాయ సీసా మొహమే చూడలేదంటున్నారు. ఇటువంటప్పుడు తెర మీది మాటను పట్టుకుని కొన్నవారితో వాదించడం కన్నా, అందుకున్నవారు పెట్టిన సంతకం కాపీని కొరియరు వారిని అడగడం మేలు. తెప్పించి చూస్తే గీతలాంటి సంతకం, పక్కన హిందీలో "గార్డ్" అన్న మాట, కింద వేరే బ్లాకు నంబరు. ఆ కాపీ పెద్దాయనకు పంపాను. నేను ఇల్లు చేరేలోపే వాచ్‌మన్ గది బల్ల కింద దొరికిందని ఫోను చేశారు. దొరికినదే దొరికింది గానీ, దొరక్కపోయి ఉంటే దెబ్బతిన్న దానికన్నా ఇదే పెద్ద తలనొప్పి, ఎందుకంటే పగిలినదానికి ఫోటో ఉంటుంది, రానిదానికి ఏ ఫోటో తీస్తాం?

కొన్నప్పుడు నేనూ అటువైపు మనిషినే. పచ్చళ్ల కోసం ఆన్‌లైనులో తెప్పించిన పింగాణీ జాడీ ఈ వారమే మెడ దగ్గర చీలి వచ్చింది. పెట్టె విప్పుతూ తీసిన వీడియో ఉంటే తప్ప మార్చేది లేదని అమ్మినవారు అన్నారు. లోపమున్న సరుకును వెనక్కి తీసుకోవడానికి అమ్మకందారు నిరాకరించరాదని, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో తెలియజేసి నెలలోగా పరిష్కరించాలని 2020 నాటి ఈ-కామర్స్ నియమాల్లో ఉంది. అందులో వీడియో షరతు నాకెక్కడా కనిపించలేదు. ఆ మాటే ఫిర్యాదుల అధికారికి రాసి, లేకపోతే వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేస్తానన్నాను. మర్నాడే మారుస్తామన్నారు. అందుకే నా దగ్గర కొన్నవారిని నేను వీడియో అడగను. ఎప్పుడో ఒకరు మోసం చేస్తారని ప్రతి ఇంటివారినీ దొంగల్లా చూడడం నాకు నచ్చదు, ఫోటో చాలు.

ధవళేశ్వరం దగ్గర నీరు పెరుగుతోందని రేడియోలో చెప్పారు. వరద వస్తే లంక ఊళ్ల బుకింగులు ఆపాలి, ప్రకృతి వైపరీత్యానికి రవాణాదారు బాధ్యత ఉండదు కాబట్టి ఆ నష్టం ఎవరూ పూడ్చరు. రేపటి నుంచి పూతరేకుల డబ్బాలకు పైన కూడా గట్టి అట్టపలక వేయించాలి. బ్రాంచి మేనేజరు వచ్చాక ఫిర్యాదు నకలు మీద అందినట్టు తేదీతో ముద్ర కొట్టించుకోవాలి, ఇవాళ ముద్ర ఉన్న సొరుగు తాళం ఆయన దగ్గరే ఉందన్నారు.