చల్లటి పిండి

పొద్దున రెండు కిలోల రాగులు చక్కీలో పట్టించుకొచ్చాను. డబ్బాలో పోయబోతుంటే పక్కింటి తాయీజీ (ఇక్కడ పెద్దమ్మని అలా పిలుస్తారు) వచ్చి పిండిలో చెయ్యి పెట్టి చూశారు. "ఎలా కాలిపోతోందో చూడు బేటీ! మా ఘరాట్ పిండి చల్లగా ఉండేది" అన్నారు. రిషికేశ్ వచ్చి మూడేళ్ళయినా ఆ మాట వినడం ఇదే మొదలు. ఘరాట్ అనగానే నాకు నూనె పోసుకునే గరాటు గుర్తొచ్చింది. అదేంటని అడిగితే గడప మీద కూర్చున్నారు. పదకొండు దాటినా ఇద్దరికీ వంట ధ్యాస లేదు.

ఘరాట్ అంటే నీటితో తిరిగే పిండి మర. తాయీజీ అత్తగారిది టెహ్రీ దగ్గర, భిలంగనా నది ఒడ్డున ఒక పల్లె. ఊరి పక్కన కొండవాగు. దాన్నుంచి చిన్న కాలవ తీసి, నీళ్ళని ఏటవాలుగా పెట్టిన చెక్క దోనెలోకి వదిలేవారట. రెండు అరల రాతి గుడిసె. కింది అరలో చెక్క రెక్కల చక్రం, బండి చక్రంలా నిలబడి కాదు, పళ్ళెంలా పడుకుని ఉంటుంది. దాని నిలువు ఇరుసు పై అరలోకి వచ్చి, కింది రాయి మధ్య బెజ్జంలోంచి వెళ్ళి పైరాయిని తిప్పుతుంది. చక్రం ఒక చుట్టు తిరిగితే రాయీ ఒక చుట్టే. మా అవ్వ రాగులు విసిరిన తిరగలే ఇది. చెయ్యి బదులు వాగు తిప్పుతుంది, అంతే.

నాకు బాగా నచ్చింది చిడియా. చిడియా అంటే పిట్ట. రాళ్ళ పైన గింజల తొట్టి వేలాడుతుంటుంది, అడుగు సన్నంగా (అచ్చం గరాటే). తొట్టి మూతికి కట్టిన చిన్న కర్రముక్క కింద తిరిగే రాయిని తాకుతూ ఉంటుంది. రాయి గరుకుకి అది టకటకా గెంతుతుంటే, ఆ అదురుకి నాలుగేసి గింజలు రాలతాయి. నీళ్ళు వడిగా వస్తే రాయి వడిగా తిరుగుతుంది, పిట్ట ఎక్కువ గెంతుతుంది, గింజలూ ఎక్కువ పడతాయి. వాగు నీరసిస్తే అన్నీ తగ్గుతాయి. ఏ బడికీ వెళ్ళని చేతులు చేసిన పని ఇది! వింటుంటే నాకు ఒళ్ళు పులకరించింది.

రాత్రిళ్ళు వంతు కోసం ఆడవాళ్ళు మూటలు పెట్టుకుని అక్కడే పడుకునేవారట. టకటక వింటూ నిద్రపోయేవాళ్ళం, తొట్టి ఖాళీ అయితే రాయి చప్పుడు మారి మెలకువ వచ్చేసేది అన్నారు తాయీజీ. చూపించడానికి స్టీలు గిన్నె మీద గోటితో కొట్టారు. కాసేపటిదాకా ఆపలేదు.

డబ్బులు ఉండేవి కావు. మర నడిపేవాళ్ళకి పిండిలోంచే వాటా, దాన్ని భగ్వాడీ అంటారు. మన కళ్ళాల్లో కమ్మరికీ కుమ్మరికీ మేర కొలిచినట్టే.

తర్వాత డీజిల్ చక్కీలొచ్చాయి, కరెంటువీ వచ్చాయి. ఘరాట్‌కి గిరాకీ తగ్గింది కానీ ఆగలేదు. ఆపింది టెహ్రీ డ్యాం. 260 మీటర్ల ఎత్తు, 1000 మెగావాట్లు. ఊళ్ళు ఖాళీ చేసేటప్పుడు జనం తలుపులూ దూలాలూ పీక్కుని తెచ్చుకున్నారు. ఘరాట్ గుడిసెని తాయీజీ భర్త, మరిది కలిసి విప్పారు. పైకప్పు పలకలు ఒకరోజు, దూలాలు మరో రోజు. పైరాయిని కూడా తేవాలనుకుని దొర్లించుకుంటూ దారిదాకా తెచ్చి, ఇక చేతకాక అక్కడే వదిలేశారట. 2005 అక్టోబరు 29న, నదిని పక్కకి మళ్ళించిన ఆఖరి సొరంగం మూశారు. పాత టెహ్రీతో పాటు ఆ దారీ నీళ్ళ కిందికి పోయింది. ఒకటి రెండు కిలోవాట్లకి మించని ఆ చిన్న మర, వాగు ఇచ్చినంత తీసుకుని మళ్ళీ వాగుకే వదిలేది. ఆ రాయి ఇప్పుడూ అక్కడే ఉంటుంది కదా అని నాకు మధ్యాహ్నం అంతా మనసు అదోలా ఉంది.

ఇక్కడ పశులోక్‌లో వాళ్ళకి స్థలం ఇచ్చారు. ఇల్లు కట్టుకున్నారు, పిల్లలు ఉద్యోగాల్లో కుదిరారు. చిడియా ఏమైందని అడిగాను. "ఎవరు దాచుకుంటారు? కర్రముక్కే కదా" అన్నారు. అన్నాక కొంగుతో మొహం తుడుచుకున్నారు.

వెళ్ళబోతుంటే ఒక గిన్నె నిండా రాగిపిండి తీసి, "తాయీజీ, మీ భగ్వాడీ" అని ఇచ్చాను. నవ్వారు. గిన్నె చేత్తో పట్టుకుని బరువు చూశారు. "రెండు కిలోలకి ఇంత తీసుకుంటే మా అత్తగారు ఒప్పుకునేది కాదు" అని ఒక్క గుప్పెడు మాత్రం కొంగులో వేసుకుని, మిగతాది నా డబ్బాలో తిరగబోసి వెళ్ళారు.