కర్ర స్తంభాల మీద 17 అంతస్తులు

నిన్న వాంకూవర్‌లో తమ్ముడి హాస్టల్ చూశాను. యూబీసీ (బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ)లోని బ్రాక్ కామన్స్ టాల్‌వుడ్ హౌస్. 18 అంతస్తులు, 53 మీటర్ల ఎత్తు. కింది అంతస్తు, లిఫ్టులూ మెట్లూ ఉండే రెండు కోర్‌లు కాంక్రీటు. గాలినీ భూకంపాన్నీ తట్టుకునేది ఆ కోర్‌లే. మిగతా 17 అంతస్తుల బరువు మోసేది మాత్రం కర్ర స్తంభాలు! చెట్టు పీల్చుకున్న కార్బన్ ఆ కర్రలోనే ఉండిపోతుంది, సిమెంటూ తగ్గుతుంది. గదిలో కర్ర కనబడదు, నిప్పు భయానికి జిప్సం బోర్డు కప్పేశారు (చూడాలని చాలా ఆశపడ్డాను).

2016లో ఈ కర్ర పనంతా 70 రోజుల్లోపే నిలబెట్టారు. స్లాబు మీద మడి కట్టి రోజుల తరబడి నీళ్లు నిలిపే మేస్త్రీ కొడుకుని, నమ్మబుద్ధి కాలేదు. నాన్నకు ఫోన్ చేస్తే మొదట అడిగింది, "చెదలు పట్టవారా?" తర్వాత, "జాయింట్ల ఫొటోలు పంపు."