నాన్న గుర్తున్నాడు, నాన్నతో గడిపిన రోజులే పోయాయి

హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను పదో తరగతి. 2014 అక్టోబర్ 12, ఆదివారం. తుఫాను కన్ను విశాఖ మీదుగానే పోయింది కాబట్టి మధ్యలో కాసేపు గాలి ఆగింది. అయిపోయిందనుకుని జనం బయటికొచ్చారు. బండి ఎలా ఉందో చూసొస్తానని నాన్న కిందికి దిగాడు. ఇంతలో గాలి ఎదురు దిక్కు నుంచి మళ్ళీ అందుకుంది, పక్కింటి ప్రహరీ కూలింది. అంతకు మించి ఇక్కడ రాయను.

ఆ రోజు నాకు ముక్కలుగా గుర్తుంది, ఏది ముందో ఏది తర్వాతో తెలీదు. నన్ను ఎక్కువ భయపెట్టింది అది కాదు. అంతకుముందు బాగా గడిచిన రోజులన్నీ మసకబారిపోయాయి. ఇంటర్‌లో నిద్ర పట్టక, చదివింది ఎక్కక అవస్థ పడుతుంటే మావయ్య సైకాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళాడు.

ఆవిడ ఒక్కో మాట ఇచ్చి, దానికి సంబంధించి ఏదైనా ఒక్క రోజు జరిగింది చెప్పమనేవారు. ‘సంతోషం’ అన్నారు.

“నాన్నతో బీచ్‌కి వెళ్ళేవాళ్ళం.”

“ఏ రోజు?”

“ఎప్పుడూ వెళ్ళేవాళ్ళం మేడమ్.”

“ఒక్క రోజు చెప్పు బాబూ.”

ఎంత వెతికినా ఏమీ రాలేదు. అరచేతులు చెమట పట్టేశాయి.

ఇది నా ఒక్కడి బాధ కాదట. 1986లోనే విలియమ్స్, బ్రాడ్‌బెంట్ అనే ఇంగ్లండ్ పరిశోధకులు ఆత్మహత్యకు ప్రయత్నించి బతికినవాళ్ళలో ఇలాంటిదే గమనించారు. నొప్పి తగులుతుందన్న భయంతో మనసు ఫలానా రోజు దాకా వెళ్ళకుండా, దిగుడుబావిలో సగం మెట్లు దిగినట్టు దిగి వెనక్కి వచ్చేస్తుంది. అడుగున ఉన్న మంచి సంగతులూ దాంతో అందకుండా పోతాయి. దీనికి తోడు జరిగిందాన్నే తిప్పి తిప్పి తలుచుకోవడం ఒకటి. పైగా కౌమారం అంటే ఎవరి కథ వాళ్ళు అల్లుకునే వయసు, నాకు దానికి కావాల్సిన రోజులే అందలేదు. “అవన్నీ మర్చిపోరా” అని చుట్టాలు ప్రేమగానే చెప్పారు గానీ, నేను ఆ పని అప్పటికే అవసరానికి మించి చేస్తున్నాను.

మేడమ్ తుఫాను రోజు జోలికి వెళ్ళలేదు. ముందు ఏ రోజుకారోజు జరిగిన చిన్న విషయాలే రాయమన్నారు: ఎక్కడ, ఎవరితో, ఏం తిన్నావు, ఏం వినిపించింది. తర్వాత మెల్లగా పాతవి. యుద్ధంలో తండ్రుల్ని పోగొట్టుకుని ఇరాన్‌లో ఉంటున్న అఫ్గాన్ పిల్లలతో ఇలాంటి సాధనే చేయిస్తే దిగులు తగ్గిందని 2013లో ఒక పరిశోధన వచ్చిందట. అది విన్నాక నోట్‌బుక్ మీద కాస్త గురి కుదిరింది.

మొదట వచ్చింది లెక్కల్లో మార్కులు తగ్గిన రోజు. బీచ్‌లో గోడ మీద కూర్చుని మురీ మిక్స్చర్ తింటూ, నాన్న మోకాలి మీదే ప్రోగ్రెస్ రిపోర్ట్ పెట్టుకుని సంతకం చేశాడు. వేలికున్న నూనె కాగితానికి అంటుకుంది. “మీ అమ్మ చూస్తే నా పని అయిపోతుంది” అన్నాడు.

అమ్మకి చెబితే, “నేనూ అక్కడే ఉన్నాను కదరా” అంది. జ్ఞాపకం వీడియో కాదు, తలుచుకున్నప్పుడల్లా మళ్ళీ కట్టుకుంటాం అన్నారు మేడమ్. ఆ రిపోర్ట్ ఉన్నా అమ్మ ఉందో లేదో దాని మీద రాసుండదు, అదీ తుఫానులోనే తడిసి పోయింది. అమ్మా నేనూ ఇప్పటికీ వాదించుకుంటాం.

పదో తరగతి పరీక్షలు మాత్రం గుర్తుకు రాలేదు. 2015లో రాశాను, పాసయ్యాను, మెమో ఉంది. పరీక్ష హాలు గానీ, పక్కన కూర్చున్నది ఎవరో గానీ గుర్తులేదు. ఆ నెలల్లో మెదడు అసలు సరిగా దాచుకోకపోయి ఉండొచ్చని, పని గట్టుకుని తవ్వొద్దని చెప్పారు. తవ్వలేదు.